“చెబితే స్కాలర్‌షిప్ పోతుంది”: కాలేజీ వాలీబాల్‌లో అపోహలు - వాస్తవాలు

ఆగస్టు వచ్చిందంటే నాకు రెండు పనులూ ఒకేసారి మీద పడతాయి. పొద్దున జిమ్‌లో ప్రీసీజన్ ప్రాక్టీసు, సాయంత్రం హాస్టల్లో కొత్త పిల్లలకి గదుల తాళాలు ఇవ్వడం. అమెరికాలో ఒక చిన్న క్రైస్తవ విశ్వవిద్యాలయంలో అమ్మాయిల వాలీబాల్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌ని. మాది ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ) డివిజన్ 2, అంటే రెండో శ్రేణి. ఇలాంటి కాలేజీల్లో అసిస్టెంట్ కోచ్‌కి క్యాంపస్‌లో ఇంకో బాధ్యత కూడా అప్పగించడం మామూలే. నాకు ఫస్టియర్ అమ్మాయిల రెసిడెన్స్ హాల్ ఇచ్చారు. మన లెక్కలో వార్డెన్ ఉద్యోగం. అక్కడే ఉంటాను, అర్ధరాత్రి ఎవరు తలుపు కొట్టినా లేస్తాను.

ఏడేళ్ళుగా రెండు చోట్లా ఒకే పిల్లల్ని చూస్తున్నాను. జిమ్‌లో “బాగానే ఉన్నాను కోచ్” అన్న అమ్మాయే రాత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటుంది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే ఒకటే జవాబు: చెబితే స్కాలర్‌షిప్ పోతుంది. బయటి దేశాల నుంచి వచ్చిన పిల్లలైతే వీసా కూడా పోతుందంటారు. ఈ ఒక్క మాట వల్ల జరిగిన నష్టం మిగతా అపోహలన్నీ కలిపినా జరగలేదు. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: దెబ్బ తగిలిందనో, మనసు బాగాలేదనో చెబితే జట్టులోంచి తీసేస్తారు, డబ్బు ఆపేస్తారు, ఇంటికి పంపేస్తారు.

రెండేళ్ళ కిందట సెప్టెంబరులో జరిగింది చెబుతాను. ఆ అమ్మాయిని అడిగే రాస్తున్నాను. మా సెట్టర్ (స్మాష్ కొట్టేవాళ్ళకి బంతి ఎత్తి అందించే ప్లేయర్), బ్రెజిల్ నుంచి వచ్చింది. మంగళవారం బ్లాకింగ్ డ్రిల్‌లో బంతి కణత మీద బలంగా తగిలింది. “ఓకేనా?” అన్నాను. బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆట సాగిపోయింది. అప్పుడే ఆపి అథ్లెటిక్ ట్రైనర్ (ఆటగాళ్ళ దెబ్బలు చూసే నిపుణులు) దగ్గరికి పంపాల్సింది నేను. పంపలేదు.

శుక్రవారం రాత్రి పదకొండింటికి రౌండ్స్‌కి వెళ్తే లాండ్రీ రూమ్ చీకటిగా ఉంది. లోపల ఒక డ్రయ్యర్ తిరుగుతోంది. స్విచ్ మీద చెయ్యి వేశానో లేదో “వద్దు కోచ్” అని గొంతు వినిపించింది. ఆ అమ్మాయి నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కళ్ళ మీద తడి టవల్. గదిలో రూమ్మేట్ లైటు వేసుకుని చదువుకుంటోందట, ఆ వెలుతురు భరించలేక ఇక్కడికి వచ్చిందట. మూడు రోజులుగా ఇదే తంతు. ఆ మూడు రోజులూ ప్రాక్టీసుకి వచ్చింది. ఎత్తే బంతులు నెట్‌కి రెండడుగులు దూరంగా పడుతుంటే నేను కాళ్ళ కదలిక సరిగ్గా లేదనుకుని దాన్నే సరిచేస్తూ కూర్చున్నాను. దెబ్బ తలలో ఉంటే నేను కాళ్ళు చూస్తున్నాను.

అది కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిపోవడం. అనుమానం వచ్చిన క్షణమే ఆట ఆపాలి, ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు, డాక్టరు ఒప్పుకునేదాకా కోర్టులోకి రానివ్వకూడదు. అవి ఎన్‌సీఏఏ నిబంధనలు, కోచ్ ఇష్టాయిష్టాలతో పని లేదు. తిరిగి రావడం కూడా ఆరు మెట్లు, మెట్టుకి మెట్టుకి మధ్య మామూలుగా ఒక రోజైనా ఆగాలి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ అమ్మాయి మూడు రోజులు బ్లాక్‌లో ఎగిరింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

వాస్తవం: స్కాలర్‌షిప్ ఏ కాలానికి ఇచ్చారో ఆ కాలం లోపల, ఆట తగ్గిందనో దెబ్బ తగిలిందనో జబ్బు చేసిందనో దాన్ని తగ్గించడానికి, రద్దు చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. మరి ఎప్పుడు రద్దు చేయవచ్చు? ఆ అమ్మాయి తనంతట తాను జట్టు వదిలేసినప్పుడు, చదువులో వెనకబడి ఆడే అర్హత పోగొట్టుకున్నప్పుడు, ఇలాంటి కొన్ని సందర్భాల్లో. ఇప్పుడు చూడండి. తలనొప్పి దాచుకున్న పిల్ల క్లాసులో కూర్చోలేదు, పుస్తకం చదవలేదు, మిడ్‌టర్మ్ పోతుంది, గ్రేడ్లు పడిపోతాయి. డబ్బు పోతుందని నోరు మూసుకుంటే, నిజంగా డబ్బు పోయే దారిలోకే వెళ్తున్నట్టు. ముందే చెబితే క్లాసులకీ పరీక్షలకీ వెసులుబాటు ఇప్పించే ఆఫీసు క్యాంపస్‌లోనే ఉంది.

ఒక మాట దాచను. వచ్చే ఏడాదికి రెన్యూ చేయడం వేరే విషయం. చాలా స్కాలర్‌షిప్పులు ఏడాదికే ఇస్తారు, రెన్యూ చేయకపోవచ్చు కూడా. అయితే ఆ సంగతి జులై 1 లోపల రాతపూర్వకంగా చెప్పాలి, అప్పీలు చేసుకునే అవకాశం ఇవ్వాలి. ఆ అప్పీలు వినేది క్రీడా విభాగం వాళ్ళు కాదు.

ఇక వీసా. ఆ అమ్మాయికి ఎవరో సీనియర్ చెప్పింది, టర్మ్‌లో చదివే కోర్సులు 12 క్రెడిట్ల కంటే తగ్గితే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) పోతుందని. సగం మాట చెప్పి భయపెట్టడమంటే ఇదే. అనారోగ్యం కారణంగా కోర్సులు తగ్గించుకోవడానికి, అవసరమైతే ఆ టర్మ్ పూర్తిగా ఆపుకోవడానికి కూడా డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి) అనుమతి ఇవ్వగలరు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు. డాక్టరు గానీ, లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు గానీ ఇచ్చిన ఉత్తరం కావాలి, టర్మ్ టర్మ్‌కీ కొత్తగా అనుమతి తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అనుమతి ముందు, కోర్సు వదలడం తర్వాత. ముందే డ్రాప్ కొట్టేసి తర్వాత ఆఫీసుకి పరిగెత్తితే అప్పుడు స్టేటస్ నిజంగానే చిక్కుల్లో పడుతుంది.

ఇది బంతి ముట్టుకోని మన ఎమ్మెస్ పిల్లలకీ వర్తిస్తుంది. మా తెలుగు సంఘంలో తెలిసినవాళ్ళ ద్వారా నంబరు సంపాదించి “అక్కా, నిద్ర పట్టట్లేదు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే రికార్డుల్లోకి ఎక్కి వీసా రెన్యూ కాదంట కదా?” అని అడిగే పిల్లలున్నారు. క్యాంపస్ కౌన్సెలర్‌తో మాట్లాడిన విషయం ఐ-20లోకి (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) వెళ్ళదమ్మా. ప్రాణాపాయం లాంటివి ఉంటే తప్ప కౌన్సెలర్ బయట పెట్టరు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేసింది నమ్మి నెలల తరబడి నిద్ర లేకుండా గడపకండి.

ఎవరికి చెబుతున్నారో మాత్రం తెలుసుకుని చెప్పండి. లైంగిక వేధింపు లాంటిది నా చెవిన పడితే మా విశ్వవిద్యాలయం నియమాల ప్రకారం నేను టైటిల్ 9 ఆఫీసుకి (లైంగిక వేధింపు, లింగ వివక్ష ఫిర్యాదులు చూసేది) తెలపాలి. కౌన్సెలర్‌కి ఆ బాధ్యత లేదు. అందుకే పిల్లలు మొదలుపెట్టకముందే ఈ సంగతి చెప్పేస్తాను.

అపోహ: విశ్వాసం ఉన్నవాళ్ళకి డిప్రెషన్ రాదు, ప్రార్థన చేసుకుంటే చాలు.

నేను గుంటూరు జిల్లాలో ప్రార్థనలు ఎగ్గొట్టడం కుదరని ఇంట్లో పెరిగాను. పదో తరగతిలో జిల్లా సెలక్షన్ పోయి నెల రోజులు అన్నం సహించకపోతే “ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టండి, తగ్గుతుంది” అన్నారు బంధువులు. మా అమ్మ నన్ను ప్రార్థనకీ తీసుకెళ్ళింది, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళింది. మా అమ్మ చేసిందే నేనూ చేస్తున్నాను. బైబిల్లో, బదరీ చెట్టు కింద పడుకుని చనిపోతే బాగుండనుకున్న ఏలీయా ప్రవక్తని దేవదూత మందలించలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. మా చాపెల్లో (క్యాంపస్ ప్రార్థన కూడికలో) ఇది చెప్పిన రోజు ఇద్దరమ్మాయిలు నా వెంట కౌన్సెలింగ్ సెంటర్ దాకా నడిచి వచ్చారు. రాత్రి వేళ ఎవరూ దొరక్కపోతే 988కి (ఆత్మహత్య ఆలోచనలకీ, మానసిక కష్టానికీ హెల్ప్‌లైన్) ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. అమెరికాలో ఎక్కడి నుంచైనా, ఏ వేళైనా.

మిగతావి గబగబా.

ప్రాక్టీసు ఎక్కువై నెలసరి ఆగిపోతే ఫిట్‌నెస్ వచ్చినట్టు కాదు. శరీరానికి తిండి చాలడం లేదని అర్థం. ఎముకలు బలహీనపడి స్ట్రెస్ ఫ్రాక్చర్లు వస్తాయి. డాక్టరుకి చూపించాల్సిందే.

“ఫుల్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం” అనే ఏజెంట్లకి డబ్బు కట్టకండి. డివిజన్ 2లో అమ్మాయిల వాలీబాల్‌కి ఒక కాలేజీ ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్పులకి సమానమైన మొత్తమే ఇవ్వగలదు, దాన్నే జట్టంతా పంచుకుంటుంది. డివిజన్ 3లో ఆట స్కాలర్‌షిప్పే లేదు. కోచ్‌కి వీడియో మీరే మెయిల్ చేయండి, మేం చూస్తాం.

పొడుగు లేకపోతే పనికిరారనేవాళ్ళు లిబెరోని (వెనక వరసలో బంతి నేల తాకకుండా కాపాడే ప్లేయర్) చూడలేదన్నమాట.

క్రైస్తవ విశ్వవిద్యాలయమైతే మతం మారమంటారా? కాలేజీని బట్టి నియమం మారుతుంది. విశ్వాస ప్రకటన మీద సంతకం అడిగేవీ ఉన్నాయి, అడగనివీ ఉన్నాయి. మా దగ్గర చాపెల్‌కి హాజరు తప్పనిసరి, సంతకం అక్కర్లేదు. చేరకముందే చదువుకోండి.

చివరిగా తల్లిదండ్రులకి. ఫీజు మీరే కట్టినా సరే, కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు మీ అమ్మాయిది. ఎమర్జెన్సీ అయితే తప్ప, తను ఒప్పుకోకుండా మార్కులైనా ఆరోగ్యమైనా నేను ఫోన్లో చెప్పలేను. మీ కంగారు నాకు తెలుసు, మా అమ్మా ఇలాగే ఫోన్లు చేసేది. మీకు సమాచారం ఇవ్వడానికి ఒప్పుకుంటూ తను సంతకం పెట్టే ఫారం ఒకటుంటుంది. గది తాళం తీసుకునే రోజే, పక్కన కూర్చుని, ఆ ఫారం గురించి మీ అమ్మాయితో మాట్లాడండి.