కాఫీ నారుకు ఫ్యాక్టరీ వ్యర్థాలు: అపోహలు – వాస్తవాలు

నారు సంచులు నింపడానికి అడవి పైమట్టిని తవ్వి తేవడం ఇకనైనా ఆపాలి. అంగుళం మందం పైమట్టి ఏర్పడటానికి వందల ఏళ్ళు పడుతుంది. అందుకే చెరకు మడ్డి (చక్కెర మిల్లులో రసాన్ని వడగట్టాక మిగిలే మష్టు), కొబ్బరి పొట్టు, మాడ్చిన వరి ఊక, ఇన్‌స్టంట్ కాఫీ తయారీలో మిగిలే పిప్పి వంటి వాటితో నారు పెంచే ప్రయత్నాలను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే వాటి గురించి నర్సరీలలో చెప్పుకొనే మాటలు కొన్ని నారును నిలువునా చంపేస్తున్నాయి.

అపోహ: పోషకాలు ఎంత ఎక్కువగా ఉంటే నారు అంత బాగా ఎదుగుతుంది.

వాస్తవం: గింజను తలపై టోపీలా మోసుకుంటూ లేచే మొలక చాలావరకు ఆ గింజలోని ఆహారంతోనే బతుకుతుంది. అప్పుడు వేరుకు మొదట కావలసింది గాలి. చిన్న సంచిలో, గొట్టంలో ఎంత నీరు కారిపోయినా అడుగున కొంత నిలిచే ఉంటుంది. మెత్తటి మడ్డి, సన్నటి బూడిద ఎక్కువైతే ఆ తడి ఇంకా పైకి పాకుతుంది. ఆకులు వాడిపోతున్నాయని మళ్ళీ నీళ్ళు పోస్తాం. సంచి చించి చూస్తే తల్లి వేరు కొస గోధుమ రంగుకు తిరిగి, వేళ్ళతో పట్టుకోగానే పైతొక్క ఊడి వస్తుంది. మాడ్చిన ఊక వంటి గరుకు పదార్థం తగినంత కలపాలి. పోషకాలను తర్వాత కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. పైగా పోషకాలు మరీ ఎక్కువంటే లవణాలు కూడా ఎక్కువనే చాలాసార్లు అర్థం. కొబ్బరి పొట్టును మంచినీటితో పలుమార్లు కడగకుండా వాడితే ఆకు అంచులు మాడేది ఆ లవణాల వల్లే.

అపోహ: వ్యర్థం నల్లబడి, పొడిగా ఉంటే పూర్తిగా కుళ్ళి మాగినట్టే.

వాస్తవం: ఈ మాట నమ్మి నేను ఒక విడత నారు పోగొట్టుకున్నాను. వచ్చిన చెరకు మడ్డి నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉంది. దాన్ని తడిపి సంచులు నింపిన మూడో రోజు, మిగిలిన కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. వేడికి పట్టుమని అర నిమిషం ఉంచలేకపోయాను. లోపలి నుంచి అమ్మోనియా ఘాటు కొట్టింది. తేమ లేక సూక్ష్మజీవులు ఆగిపోయాయి తప్ప, కుళ్ళడం పూర్తి కాలేదు. తడి తగలగానే మళ్ళీ మొదలైంది, ఈసారి నా నారు సంచులలోనే.

అప్పటి నుంచి ఏ కుప్పనైనా ముందు తడిపి, వారం పాటు వేడి చూస్తాను. ఆ తర్వాత ఒక పళ్ళెంలో ఆ పదార్థం, మరో పళ్ళెంలో మామూలు నారుమడి మట్టి పోసి, రెండింటిలోనూ ముల్లంగి గింజలు చల్లుతాను. కొన్ని రోజుల్లోనే తేడా తెలుస్తుంది. కాఫీ గింజ మొలవడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. అది చెప్పేదాకా ఆగితే సీజన్ పోతుంది.

రంపపు పొట్టుది వేరే సమస్య. అందులో నత్రజనికి కార్బన్ వందల రెట్లు ఉంటుంది. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని ముందుగా లాక్కుంటాయి. నారు పాలిపోతుంది.

అపోహ: కంపోస్టు చేస్తే విషాలన్నీ పోతాయి.

వాస్తవం: కుప్ప అంతటా 55 డిగ్రీలు దాటిన వేడి కొన్ని రోజులు నిలిస్తే రోగక్రిములు చాలావరకు చస్తాయి. సీసం, కాడ్మియం, క్రోమియం ఎక్కడికీ పోవు. కుళ్ళి కుప్ప బరువు సగానికి తగ్గితే, కిలోకు ఉండే లోహం రెట్టింపవుతుంది. తోళ్ళ శుద్ధి బురదను నేను నర్సరీ గేటు దాటనివ్వను. ఫ్యాక్టరీల నీరు కలిసే మురుగు బురదను ప్రయోగశాల నివేదిక లేకుండా ముట్టుకోను. బొగ్గు బూడిదలో బోరాన్ మోతాదు మించి ఉండవచ్చు. నారును ఎవరూ తినరు కదా అంటారు. మిశ్రమం కలిపేవారు రోజంతా ఆ ధూళినే పీలుస్తారు, ఒట్టి చేతులతోనే కలుపుతారు. వారి గురించి ఎవరూ అడగకపోవడం నన్ను బాధపెడుతుంది.

అపోహ: కాఫీ పిప్పి కాఫీ మొక్కకు సొంత ఎరువు.

వాస్తవం: పచ్చి పిప్పిలోని కెఫీన్, ఫినాల్ పదార్థాలు లేత వేళ్ళను అణచివేస్తాయి, కాఫీ వేళ్ళతో సహా. బాగా మాగనిచ్చాకే వాడాలి.

అపోహ: ఒకసారి పనిచేసిన మిశ్రమం ఎప్పటికీ పనిచేస్తుంది.

వాస్తవం: చెరకు మడ్డి అనే పేరొక్కటే. రసాన్ని గంధకంతో శుద్ధి చేసే మిల్లు మడ్డి వేరు, కార్బనేషన్ పద్ధతి మిల్లు మడ్డి వేరు. రెండోదానిలో సున్నం చాలా ఎక్కువ. కాఫీకి కొద్దిగా ఆమ్లగుణం ఉన్న నేల కావాలి. సున్నం మించితే ఇనుము అందక, ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. అందుకే లారీ మారినప్పుడల్లా పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), ఈసీ (లవణాల స్థాయి) కొలవాలి.

కొత్త వ్యర్థాన్ని మిశ్రమంలో నాలుగో వంతుకు మించకుండా మొదలుపెట్టండి. ఇరవై సంచులు దానితో, ఇరవై పాత మిశ్రమంతో పక్కపక్కనే పెట్టండి. నాలుగు జతల ఆకులు వచ్చాక రెండు వరుసల నుంచీ చెరో మూడు సంచులు చించి, వేళ్ళు నీటిలో కడిగి పక్కపక్కన పరిచి చూడండి. ఆకుల పచ్చదనం ఎరువుతోనూ వస్తుంది; తెల్లటి పీచు వేళ్ళు ఏ వరుసలో ఎక్కువో చూసే నేను తర్వాతి లారీకి కబురు చేస్తాను.