చలికాలపు గోంగూరకు ఎంత వెలుతురు కావాలి?

చికాగోలోనో టొరంటోలోనో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో అక్టోబరు వచ్చిందంటే ఒక హడావిడి మొదలవుతుంది. తొలి మంచు పడకముందే పెరట్లోని కరివేపాకు కుండీ హాల్లోకి చేరుతుంది. కిటికీ పక్కన పెట్టి, గదిలో లైట్లన్నీ వేసి, ఇంత వెలుతురు ఉంది కదా అనుకుంటారు. డిసెంబరు నాటికి ఆకులు పసుపు తిరిగి రాలుతుంటాయి. ట్రేలో మొలిచిన గోంగూర దారప్పోగుల్లా సన్నగా సాగి, కిటికీ వైపు వాలిపోతుంది. నీళ్లు ఎక్కువయ్యాయేమో, ఎరువు చాల్లేదేమో అని టెన్షన్ పడతారు గానీ, చాలాసార్లు అసలు కొరత వెలుతురుదే.

ఈ విషయంలో మన కంటిని నమ్మడానికి లేదు. వెలుతురు తగ్గేకొద్దీ కంటిపాప పెద్దదవుతుంది, రెటీనా మరింత చురుగ్గా పనిచేస్తుంది. అందుకే ఎండకూ ట్యూబ్‌లైటుకూ మధ్య ఉన్న అసలు తేడా మనకు తెలియదు. వెలుతురును కొలిచే కొలమానం లక్స్. మధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్. రాత్రిపూట హాయిగా పేపరు చదువుకునే హాల్లో 200 లక్స్ ఉంటే గొప్ప. అంటే ఐదొందల రెట్ల తేడా! ఆకు కూడా నీడకు కొంత అలవాటు పడుతుంది. కానీ తన మీద పడని ఫోటాన్‌తో, అంటే కాంతి రేణువుతో, అది చక్కెర తయారుచేయలేదు.

మొక్కకు అందిన వెలుతురును శాస్త్రవేత్తలు మోల్‌లలో లెక్కపెడతారు. మోల్ అంటే డజను లాంటి లెక్కే, కాకపోతే ఊహకందనంత పెద్దది. ఒక చదరపు మీటరు మీద రోజు మొత్తంలో ఎన్ని మోల్‌ల ఫోటాన్లు పడ్డాయన్నది ఆ లెక్క. లెట్యూస్, పాలకూర లాంటివి రోజుకు 12 నుంచి 17 మోల్‌లు అందితే బాగా ఎదుగుతాయి. టమాటాకు 20కి పైనే కావాలి. తెల్లని ఎల్‌ఈడీ కింద 16 గంటల్లో 12 మోల్‌లు అందాలంటే ఆకు మీద సుమారు 14 వేల లక్స్ పడాలి. హాల్లో ఉన్నదానికి ఇది డెబ్బై రెట్లు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ఆకుల ఎత్తులో, స్క్రీన్ లైటు వైపు ఉండేలా పట్టుకుని చూడండి. ల్యాబ్‌లో కొలిచినంత కచ్చితంగా ఉండదు గానీ, 200కూ 14 వేలకూ తేడా చెప్పడానికి అది చాలు. లైటును ఒక జానెడు కిందికి దింపగానే అంకె ఎలా ఎగబాకుతుందో చూస్తే, మరింత ఖరీదైన లైటు కొనే ముందు ఉన్నదాన్ని దగ్గరికి తేవాలని ఎవరికైనా అనిపిస్తుంది. మరీ దగ్గరైతే పై ఆకులు వెలిసిపోయినట్టు తెల్లబడతాయి, అప్పుడు కాస్త పైకి లేపాలి.

వెలుతురు సరిపోయినా కరివేపాకు చిగురించకపోతే మట్టిని ముట్టుకుని చూడాలి. చలి అద్దానికి ఆనుకుని ఉన్న కుండీలో వేళ్లు మందగిస్తాయి. పాతకాలపు బల్బుల్లా ఎల్‌ఈడీ కింద ఉన్నవాటిని వెచ్చబెట్టదు కూడా.

ఇక రంగు సంగతి. మొక్కల కోసమే చేసిన గ్రో లైట్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఊదారంగు వెలుగు. పత్రహరితాన్ని ఆకులోంచి తీసి ద్రావణంలో పరీక్షిస్తే అది నీలాన్నీ ఎరుపునూ బాగా పీల్చుకుని, ఆకుపచ్చ కాంతిని చాలావరకు వదిలేస్తుంది. దాంతో ఎరుపు, నీలం ఉంటే చాలనే అభిప్రాయం స్థిరపడింది. బతికున్న ఆకులో జరిగేది వేరు. ఆకుపచ్చ కాంతి లోపలి కణాలకు తగిలి చెదురుతూ తిరుగుతుంది, ఆ తిరుగుడులో చాలావరకు వినియోగమవుతుంది. ఎరుపు, నీలం ఎక్కువగా పైపొరల్లోనే ఆగిపోతే, ఆకు అడుగుపొరలకు చేరేది ఇదే. 1970ల మొదట్లో టెక్సాస్‌లో కీత్ మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త ఇరవైకి పైగా పంటల ఆకులను పరీక్షించి, 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్య, అంటే ఊదా నుంచి ఎరుపు దాకా ఉన్న రంగులన్నీ కిరణజన్య సంయోగక్రియకు పనికొస్తాయని కొలిచి చూపించారు.

మనం ఇళ్లలో వాడే తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్నది నీలం ఎల్‌ఈడీయే. పైనున్న ఫాస్ఫర్ పూత ఆ నీలంలో కొంత భాగాన్ని మిగతా రంగులుగా మారుస్తుంది. ఆ నీలాన్ని సాధించినందుకే జపాన్‌లో పుట్టిన శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. నన్నడిగితే ఇంట్లోకి తెల్లదే తీసుకోమంటాను. ఊదా వెలుగులో ఆకు పసుపుబారినా, కాండానికి పిండినల్లి పట్టినా కంటపడదు. అంతరిక్ష కేంద్రంలో లెట్యూస్ పెంచడానికి నాసా పంపిన ‘వెజీ’లో కూడా ఎరుపు, నీలంతో పాటు ఆకుపచ్చ దీపాలు పెట్టారు, వ్యోమగాములకు ఆకు ఆకులా కనిపించాలని.

గోంగూర ఈ వెలుతురుతో కాలాన్ని కూడా లెక్కగడుతుంది. పగటి పొద్దు తగ్గితే పూతకు వచ్చే మొక్క అది. మన ఊళ్లలో వానాకాలమంతా ఆకు మీద ఆకు వేసి, చలికాలం మొదలయ్యే వేళకు మొగ్గ తొడుగుతుంది. నిజానికి అది కొలిచేది రాత్రి పొడవును. ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఎర్ర కాంతి తగిలితే ఒక రూపంలోకి మారుతుంది, చీకట్లో మెల్లగా వెనక్కి మళ్లుతుంది. చికాగోలో డిసెంబరు పగలు తొమ్మిది గంటలకు కొద్ది నిమిషాలే ఎక్కువ. అక్కడి కిటికీలో గోంగూర జానెడు ఎత్తు కాకుండానే మొగ్గలేసే ప్రమాదం ఉంది, ఇక పచ్చడికి ఆకెక్కడిది? టైమర్ పెట్టి రోజుకు 14 నుంచి 16 గంటలు లైటు ఇస్తే పూత మాట మరిచి ఆకు వేస్తూ పోతుంది. పూతను ఆపడానికి మాత్రం అంత బలమైన వెలుతురు అక్కర్లేదు. చామంతి రైతులు పూతను వాయిదా వేయడానికి తోటలో రాత్రిళ్లు బల్బులు వెలిగించేది ఈ కిటుకుతోనే. డ్రాగన్ ఫ్రూట్‌ది తలకిందుల లెక్క, దానికి పొద్దు పెరిగితేనే పూత. అందుకే వియత్నాంలోని బిన్ తువాన్ ప్రాంతంలో పొద్దు తక్కువున్న నెలల్లో తోటలు రాత్రిళ్లు దీపాలతో వెలిగిపోతుంటాయి.

ఖర్చు విషయానికొస్తే, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న ట్రేకు 30 వాట్ల దాకా కరెంటు తీసుకునే మంచి లైటు చాలు. రోజుకు 16 గంటలు వేస్తే నెలకు 14, 15 యూనిట్లు. డబ్బా మీద 1000 వాట్లని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, అసలు ఎంత తీసుకుంటుందో లోపలి కాగితంలో వెతకండి, తరచూ అది పదో వంతు ఉంటుంది.

ఆకుకూరకు ఈ ఖర్చు భరించవచ్చు. అదే వరికి వేసి చూడండి. మన ఎండ చదరపు మీటరుకు రోజుకు 40 మోల్‌ల దాకా ఇస్తుంది. అంత వెలుతురు మంచి ఎల్‌ఈడీలతో ఇవ్వాలంటే నాలుగున్నర యూనిట్లు కావాలి. ఎకరానికి రోజుకు 18 వేల యూనిట్లు, 120 రోజుల పంటకు 21 లక్షలకు పైనే. పొలం మీద సూర్యుడు ఊరికే పోసేది ఇంత! గదుల్లో అరల మీద అరలుగా దీపాల కింద పంట పెంచే నిలువు తోటల కంపెనీలు ఎక్కువగా లెట్యూస్, తులసి జాతి ఆకులు, మైక్రోగ్రీన్స్ దగ్గరే ఆగిపోయింది ఈ లెక్క వల్లే.