టేపు పట్టుకున్న మనవలకు

గుంటూరు

బంగారుతల్లీ, చిన్నోడా,

పెరట్లో మాకోసం కట్టబోయే ఇంటికి ప్లాను ఇంకా గీయించలేదని నాన్న మీద అలిగారట. ఆపించింది నేనే. (దాన్ని ‘చిన్నిల్లు’ అనడం మాత్రం మానండి. ఎందుకో పెద్దయ్యాక తెలుస్తుంది. అందరిలాగా ఏడీయూ అనండి, అంటే ఉన్న ఇంటి స్థలంలోనే కట్టుకునే రెండో చిన్న ఇల్లు.)

మీ కాలిఫోర్నియా చట్టం మంచిదే. 2020 నుంచి పక్క కంచెకీ వెనక కంచెకీ 4 అడుగులు వదిలితే 800 చదరపు అడుగుల ఇంటికి ఊరి మునిసిపాలిటీ అడ్డుపడకూడదు. అది చదివే మీ నాన్న డిజైనరుకి అడ్వాన్సు ఇవ్వబోయాడు. ముందు ఇంటి కాగితాలు తియ్యరా అన్నాను.

వేసవిలో మనం టేపుతో కొలిచాం, గుర్తుందా? అమ్మాయి కంచె దగ్గర, తమ్ముడు వంటింటి గోడ దగ్గర. ఆ కంచె పక్కన కరెంటు తీగలున్నాయిగా, వాటి కింద 10 అడుగుల పట్టీ మనదే అయినా అందులో ఇల్లు కట్టకూడదని కాగితాల్లో ఉంది. ఈజ్‌మెంట్ అంటారు. ఇక్కడ పై పొలం వాళ్ళకి మన చేలోంచి దారి వదిలినట్టే. అక్కడ 4 అడుగుల లెక్క చెల్లదు. ముందే గీయించి ఉంటే డబ్బిచ్చి బొమ్మ చింపుకోవాల్సి వచ్చేది.

నన్ను భయపెట్టేది మురుగు. గొట్టం అడుగుకి పావు అంగుళం చొప్పున వాలాలి. పెరటి నుంచి వీధి గొట్టం దాకా 80 అడుగులు, అంటే 20 అంగుళాల వాలు. మరి ఆ రోజు మీరు ఒలకబోసిన బకెట్టు నీళ్ళు ఎటు పారాయి? కంచె వైపుకి! నీరు పల్లమెరుగు. వీధి గొట్టం సరిపడా లోతులో లేకపోతే మురుగుని మోటారుతో పైకి తోడాలి. కరెంటు పోయిన రోజు తాతయ్యకి స్నానం బంద్. అందుకే ప్లంబరు చేత గొట్టంలోకి కెమెరా దింపించి లోతు చూడమన్నాను. దానికయ్యేది ప్లాను ఖర్చులో చిన్న ముక్క.

ముందే ఆమోదించిన ప్లానులు మునిసిపాలిటీలు దగ్గర పెట్టుకోవాలని 2025 నుంచి అక్కడ నియమం ఉంది. నాన్నకి అవి చూపించండి. అయితే అందులో ఆమోదం బొమ్మకే, మన పల్లానికి కాదు.

ఆదివారం నాన్న చేత కరెంటు పెట్టె తలుపు తీయించండి, మీరు ముట్టుకోకండి. మెయిన్ స్విచ్ మీద 100 ఉందో 200 ఉందో ఫోటో తీసి పంపండి. అది ఇంటికి ఎన్ని ఆంపియర్ల కరెంటు వాడుకోవచ్చో చెప్పే అంకె, కొత్త ఇంటికీ సరిపోవాలిగా. నానమ్మ అయితే అప్పుడే కిటికీ తూర్పుకే ఉండాలంటోంది.

మీ తాతయ్య