కమాన్ కట్టకు ఎన్ని దెబ్బలు కావాలి?

పందిరి కట్టే బైండింగ్ వైరును చిన్నప్పుడు మనమంతా చేత్తో తెంపినవాళ్లమే. లాగితే తెగదు. అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. లారీ కమాన్ కట్టలు (చక్రాల దగ్గర బరువు మోసే వంపు ఉక్కు పట్టీలు), వాల్వు స్ప్రింగులు, గేరు పళ్లు విరగడం వెనుక ఉన్నది కూడా ఇదే సంగతి. మోయలేని బరువు ఒక్కసారి మీద పడి విరిగేవి తక్కువే. మోయగల బరువునే లక్షలసార్లు మోసి విరిగేవే ఎక్కువ. దీన్ని ఫెటీగ్ అంటారు. లోహానికి వచ్చే అలసట అన్నమాట. 19వ శతాబ్దం మధ్యలో రైలు ఇరుసులు ఇలా విరుగుతుంటే జర్మనీలో ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి పరీక్షలు చేసి ఈ అలసటకు లెక్క కట్టాడు.

ఈ విరగడం చాలావరకు పైపొరలోనే మొదలవుతుంది. ఒక గీత, తుప్పు తిన్న ఒక చిన్న గుంత చాలు. బరువు పడిన ప్రతిసారీ ఆ గీత కాస్త నోరు తెరుస్తుంది. తెరుచుకోకుండా దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టగలిగితే? చిన్న ఉక్కు గుండ్లతో పైపొరను కొట్టే షాట్ పీనింగ్ చేసే పని అదే.

చెన్నైలో అంబత్తూర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని ఒక చిన్న షెడ్డులో ఈ పని దగ్గరగా చూశాను. మూసిన క్యాబినెట్ లోపల రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టు ఒకటే మోత. ఆవగింజ కన్నా చిన్న ఉక్కు గుండ్లు సెకనుకు 50 నుంచి 100 మీటర్ల వేగంతో కట్ట మీద పడుతున్నాయి. బయటికి తీసిన కట్టను తడిమితే సన్నటి గరుకు తగిలింది. సుత్తితో కొట్టిన పాత రాగి బిందె మీద ఉండే గుంతల్లాంటివే, కాకపోతే వందో వంతు సైజులో.

ప్రతి గుండూ ఒక గుంత చేస్తుంది. ఆ గుంత చుట్టూ ఉన్న పైపొర పక్కలకు సాగుతుంది. కింది పొర అలా సాగలేదు కాబట్టి పైపొరను వెనక్కి లాగుతుంది. బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు కూర్చున్నట్టు పైపొర ఇరుక్కుపోతుంది. ఉదాహరణకు, బరువు పడినప్పుడు ఆ పైపొర మీద 600 మెగాపాస్కల్స్ (లాగుడు, నొక్కుడు కొలిచే యూనిట్) లాగుడు వస్తుందనుకుందాం. ముందే 400 మెగాపాస్కల్స్ నొక్కుడు అక్కడ ఉంటే గీతకు నిజంగా తగిలేది 200 మాత్రమే. ఈ నొక్కుడు పొర మందం మిల్లీమీటరులో కొన్ని పదో వంతులే. అంత పలచటి పొరే కట్ట ఆయుష్షును ఎన్నో రెట్లు పెంచగలదు. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా అబ్బురంగా అనిపించేది ఇదే.

మరి ఎంతసేపు కొట్టాలి? గుండ్ల దెబ్బ ఎంత బలంగా పడుతోందో కంటికి కనపడదు. 1940ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ ఆల్మెన్ దీనికి చాలా తేలికైన ఉపాయం కనిపెట్టాడు. 76 మిల్లీమీటర్ల పొడవు, 19 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న స్ప్రింగు ఉక్కు పట్టీని నాలుగు స్క్రూలతో ఒక దిమ్మకు బిగించి, ఒక్క వైపే కొడతారు. స్క్రూలు వదలగానే పట్టీ విల్లులా వంగుతుంది, కొట్టిన వైపు ఉబ్బెత్తుగా. ఆ వంపు ఎత్తును గేజీతో కొలుస్తారు.

నాయుడుపేట నుంచి వచ్చి అక్కడ మెషిన్ నడుపుతున్న అబ్బాయి మూడు పట్టీలు వరసగా పెట్టి చూపించాడు. నిమిషం కొట్టినదానికి వంపు 0.28 మిల్లీమీటర్లు, రెండు నిమిషాలకు 0.36, నాలుగు నిమిషాలకు 0.39. "రెండు నుంచి నాలుగుకి పోతే పది శాతం కూడా పెరగలేదు కదా సార్, అంటే రెండు దగ్గరే సాచురేషన్" అన్నాడు. సమయాన్ని రెట్టింపు చేసినా వంపు పది శాతానికి మించి పెరగని చోటును పట్టుకోవడమే లెక్క. ఆ చోట ఉన్న వంపే దెబ్బ బలాన్ని చెప్పే అంకె. ఇది పట్టీ సంగతి. అసలు కట్టకు పట్టే సమయం వేరే ఉంటుంది. దాన్ని భూతద్దం కింద గుంతలు చూసి తేల్చుకోవాలి.

ఎండిన వాకిట్లో తొలి చినుకులు గుర్తు తెచ్చుకోండి. మొదట్లో ప్రతి చినుకూ పొడినేల మీదే పడుతుంది. తర్వాతవి ఎక్కువగా తడిసిన చోటే పడతాయి. గుండ్లూ అంతే. ఒక విడతలో కట్ట పైభాగంలో 80 శాతం గుంతలతో నిండితే, రెండో విడత మిగిలిన 20లో 80 శాతాన్నే నింపుతుంది, మొత్తం 96. అందుకే 98 శాతం నిండితే పూర్తయినట్టే లెక్క వేస్తారు.

అక్కడితో ఆగకుండా ఇంకా ఇంకా కొడితే మేలు కాదు, కీడే. పైపొర మడతలు పడి, అందులోనే కొత్త పగుళ్లు పుడతాయి. పైన నొక్కుడు ఉంటే లోపల ఎక్కడో దానికి సమానమైన లాగుడు ఉండి తీరాలి. పలచటి భాగాల్లో ఆ లాగుడు ప్రమాదకరంగా పెరుగుతుంది. పగిలిన గుండ్లతోనూ ఇదే భయం. వాటి పదునైన అంచులు గుంత చేయవు, గీస్తాయి. అందుకే వాడిన గుండ్లను స్తంభం చుట్టూ తిరుగుతూ దిగే మెట్లలాంటి వాలు మీద వదులుతారు. గుండ్రంగా ఉన్నవి వేగం పుంజుకుని బయటి అంచుకు దొర్లుతాయి, పగిలినవి వెనకబడి లోపలే పడిపోతాయి.

ఇంత జాగ్రత్తగా చేసిన పని హైవే పక్కన ఒక్క గ్యాస్ మంటతో పోవడం నేను చూశాను. కట్ట కుంగిందని దాన్ని ఎర్రగా కాల్చి మళ్లీ వంచుతారు. ఆ వేడికి పైపొరలోని నొక్కుడంతా సడలిపోతుంది, ఉక్కుకు ఇచ్చిన గట్టిదనమూ దెబ్బతింటుంది. బయటికి కట్ట కొత్తదానిలాగే నిక్కి కనిపిస్తుంది. ఆ అబ్బాయికి ఈ మాట చెబితే, "మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేసి ఇక్కడికి తేవాలి సార్, ఉత్తినే వంచి బిగిస్తే ఎట్లా" అని, పెట్టెలోంచి కొత్త పట్టీ తీసి దిమ్మకు స్క్రూలు బిగించాడు.