లాభం వచ్చినా తొట్టి ఎందుకు ఎండుతుంది?

ప్రియమైన పిల్లలకు,

మీలో ఒకమ్మాయి పోయిన నెల ఉత్తరం రాసింది. "తాతయ్యా, పెద్దయ్యాక నేను వ్యాపారం పెడతాను. కానీ లాభాలొస్తున్న వ్యాపారాలు కూడా ఒక్కోసారి మూతపడతాయని మా టీచర్ చెప్పారు. లాభం వస్తుంటే ఎందుకు మూసేస్తారు?" అని అడిగింది. భలే ప్రశ్న. చాలామంది పెద్దవాళ్లకు ఇది చెయ్యి కాలాక గానీ తట్టదు. పుస్తకాల్లో దీనికి బరువైన పేర్లు చాలా ఉన్నాయిగానీ, వాటి జోలికి మనం వెళ్లొద్దు.

ఒక నీళ్ల తొట్టి ఊహించుకోండి. మొదట మీరు తెచ్చి పోసిన నీళ్లు పెట్టుబడి. పైన ఒక గొట్టం ఉంది, కొనేవాళ్లిచ్చే డబ్బు అందులోంచి వస్తుంది. అడుగున ఒక కుళాయి ఉంది, ఖర్చులు అందులోంచి పోతాయి. ఈ కుళాయితో ఒక చిక్కుంది. ఎంత తిప్పినా పూర్తిగా కట్టుకోదు. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు బేరం ఉన్న రోజూ కారతాయి, లేని రోజూ కారతాయి. పై గొట్టం మాత్రం తన ఇష్టం. ఒకరోజు హోరుమని పోస్తుంది, తర్వాత పది రోజులు చుక్క రాల్చదు.

ఇప్పుడు సరుకంతా అరువు మీద అమ్మారనుకోండి. లెక్కల పుస్తకంలో లాభం కనిపిస్తుంది, తొట్టిలో మాత్రం ఏమీ పడలేదు. ఆ డబ్బింకా మబ్బుల్లోనే ఉంది. మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. బేరం బాగుందన్న హుషారులో యజమాని ఇంకో మనిషిని పనిలో పెట్టుకుంటాడు, రెట్టింపు సరుకు తెప్పిస్తాడు, అంటే కుళాయి ఇంకాస్త తిప్పాడన్నమాట. బాకీలు మూడు నెలలకు వసూలవుతాయి. తొట్టి రెండు నెలలకే ఎండిపోతుంది. లాభం నిజమే, ఆ మూడో నెల దాకా బతికి ఉంటే.

అమ్ముడుపోని సరుకు తొట్టిలో గడ్డకట్టిన మంచు లాంటిది. నీళ్లే కదా అనిపిస్తుంది, దాహమేసినప్పుడు తాగలేం. అప్పు పక్కింటి తొట్టిలోంచి తెచ్చుకున్న బిందె. వాళ్లకు బిందెన్నర తిరిగివ్వాలి, అదీ మన గొట్టంలో నీళ్లొచ్చినప్పుడు కాదు, వాళ్లు చెప్పిన రోజున. ఇంకా చెప్పాలనే ఉంది గానీ తొట్టి పగిలేలా ఉంది, ఆపుతాను.

నా చిన్నప్పుడు నేనూ ఒక వ్యాపారం చేశాను. పరీక్షలయ్యాక పాత నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు చింపి, ఒక దొంతరగా పేర్చి, దబ్బనంతో మూడు చిల్లులు పొడిచేవాణ్ని. దారానికి మైనం పట్టించి కుట్టేవాణ్ని. మైనం రాస్తే దారం జారదు, ముడి బిగుస్తుంది. అట్టల మీద రంగురంగుల బొమ్మలు అంటించి, వాటిని చూసే అందరూ కొంటారని మురిసిపోయాను. కొన్నవాళ్లెవరూ అట్ట వంక చూడలేదు. జేబులో పడుతుందా అని ఒకడడిగాడు. గీతల్లేని కాగితాలున్నాయా అని ఇంకొకడడిగాడు, వాడికి బొమ్మలేసే పిచ్చి. ఆ తర్వాత జేబు సైజువి కుట్టాను, చూస్తుండగా అయిపోయాయి. సగం మంది "డబ్బులు రేపిస్తాలే" అన్నవాళ్లే. అన్నీ అమ్ముడైపోయాయి, మా క్లాసులో నా అంత వ్యాపారస్తుడు లేడు, దారపుండ కొందామంటే జేబులో పైసా లేదు! అమ్మాయ్, నీ ప్రశ్నకు జవాబు నా జేబులోనే ఉండేదన్నమాట.

తొట్టి నింపకముందే ఇంకో పని ఉంది. మన సరుకు కావలసినవాళ్లు నిజంగా ఉన్నారా అని చూడాలి. అమెరికాలో నిక్ స్విన్‌మర్న్ అనే కుర్రాడికి 1999లో ఇంటర్నెట్‌లో చెప్పులు, బూట్లు అమ్మాలనిపించింది. కాళ్లకు తొడిగి చూడకుండా ఎవరు కొంటారని అందరికీ అనుమానం. ఆయన గోదాము కట్టలేదు, సరుకు కొనలేదు. ఒక బూట్ల షాపుకెళ్లి ఫొటోలు తీసుకొచ్చి వెబ్‌సైట్లో పెట్టాడు. ఎవరైనా ఆర్డరిస్తే అదే షాపులో కొని పంపాడు. అలా అమ్మితే ఏమీ మిగలదు. కానీ అడిగేవాళ్లున్నారని, తొట్టి ఖాళీ కాకుండానే తెలిసింది. జాపోస్ అనే పెద్ద కంపెనీ అలా మొదలైంది.

ఓపిక సంగతీ చెప్పాలి. మార్చుకునే బ్లేడుతో రేజరు తెచ్చిన జిలెట్ కంపెనీ 1903లో, అంటే అమ్మకాలు మొదలైన ఏడాది, అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. అంతే! మరుసటి ఏడాది రేజర్లే 90 వేలు దాటాయి. ఆ మొదటి ఏడాదికి సరిపడా నీళ్లు లేకపోతే రెండో ఏడాది చూసేవాళ్లే కాదు. పైగా రేజరు ఒకసారి కొంటారు, బ్లేడు మళ్లీ మళ్లీ కొంటారు. గొట్టం ఆగకుండా పారే ఏర్పాటు సరుకులోనే ఉంది. నాకైతే ఆ రేజరు కంటే ఈ ఆలోచనే పదునుగా కనిపిస్తుంది.

లెక్క కూడా కష్టమేం కాదు. తప్పని ఖర్చులు నెలకు 1,000 అనుకోండి. ఒక్కో వస్తువు మీద మిగిలేది 5. అయితే 200 అమ్మేదాకా మీకు మిగిలేది సున్నా, 201వ దాని నుంచి మీది. ఇది ముందే వేసుకుని, ఏ రోజు డబ్బు ఆ రోజు రాసుకోండి. రాసుకోవడానికి బద్ధకించేవాళ్లు వ్యాపారం జోలికి రాకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. జమా ఖర్చులు రెండు వైపులా రాసే పద్ధతిని లూకా పాసియోలి అనే క్రైస్తవ సన్యాసి 1494లోనే వెనిస్‌లో అచ్చువేయించాడు. అప్పటికే అక్కడి వర్తకులు వాడుతున్న పద్ధతి అది. సన్యాసికి డబ్బు లెక్కలేమిటని నవ్వకండి, ఆయన లెక్కల పంతులు కూడా.

మిగతాది నేను చెబితే రాదు. సెలవు రోజున ఏదైనా ఒక దుకాణం ఎదురుగా, అడ్డం కాకుండా, ఓ గంట నిలబడండి. ఎవరు కొన్నారు, ఎవరు అడిగింది లేక ఉత్తచేతులతో వెళ్లారు, ఎవరు ఖాతాలో రాసుకోమన్నారు, ఏ వస్తువు మీద దుమ్ము పేరుకుంది, అన్నీ కాగితం మీద పెట్టండి. జనం పలచబడ్డాక యజమాని దగ్గరికెళ్లి, "నెలలో మీకు బాగా టెన్షన్‌గా ఉండే రోజు ఏదండీ?" అని ఒక్క మాట అడగండి. ఆయన ఏం చెప్పారో నాకు రాయండి.

మీ
తాతయ్య