ధూమకేతువు జెండా

2024 అక్టోబరులో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క సాయంత్రం పూట పడమట కనిపించిన రోజుల్లో మా మేనకోడలు అడిగింది: "మామయ్యా, ఇది సూర్యుణ్ణి చుట్టి తిరిగి వెళ్ళిపోతోంది కదా, తోక వెనక ఉండాలి గానీ ముందుకు ఉందేమిటి?"

తప్పు పిల్లది కాదు, పాఠాల్లో మనం వేసే బొమ్మలది. వాటిలో తోకచుక్క ఎప్పుడూ దౌడు తీసే గుర్రంలా తోక వెనక్కి వేసుకునే ఉంటుంది. గుర్రం తోకను వెనక్కి నెట్టేది ఎదురుగాలి. అంతరిక్షంలో అలా ఎదురయ్యే గాలి లేదు. ఉన్న గాలి ఒక్కటే, అది సూర్యుడి నుంచి బయటికి వీస్తుంది. కాబట్టి సూర్యుడి వైపు వచ్చేటప్పుడు తోక వెనక, తిరిగి పోయేటప్పుడు తోక ముందు. మన పాత పేరు ఈ విషయంలో బొమ్మకన్నా నయం. కేతువంటే జెండా, ధూమకేతువంటే పొగ జెండాగా గలది. జెండా చెప్పేది గాలి వాలు.

నిజానికి తోకలు రెండు. పసుపు తెలుపుగా వంగి ఉండేది ధూళి తోక. దాన్ని నెట్టేది సూర్యకాంతి. దానితో ఇక్కడ పని లేదు. నాకు ఇష్టమైనది నీలంగా, సన్నగా, బద్దలా సాగే అయాన్ల తోక, అంటే విద్యుదావేశం ఉన్న కణాల తోక. దాని నీలం ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కార్బన్ మోనాక్సైడ్‌ది.

వానలో గొడుగు పట్టుకుని నిలబడండి. గాలి లేకపోతే గొడుగు నిటారుగా ఉంటే చాలు. నడక మొదలుపెడితే ముందుకు వంచాలి, పరుగెత్తితే ఇంకా వంచాలి. మీ వేగం తెలిస్తే, గొడుగు వంపును బట్టి చినుకు వేగం లెక్కకట్టవచ్చు. జర్మనీలో కునో హాఫ్‌మైస్టర్ 1943లో తోకచుక్కల వంపు చూశాడు. నీలి తోక సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున లేదు, దాదాపు 6 డిగ్రీలు వెనక్కి ఒరిగింది. 6 డిగ్రీలంటే సుమారు పదింట ఒకటి. తోకచుక్క సెకనుకు 40 కిలోమీటర్లు అడ్డంగా పోతుంటే, దాన్ని తాకేది సెకనుకు 400 కిలోమీటర్లతో వస్తోందన్నమాట. అదే కాంతి నెడుతుంటే? 3 లక్షల కిలోమీటర్ల వేగం ముందు ఒరుగు డిగ్రీలో వందో వంతు కూడా ఉండదు. తోకలోని ముద్దలు వేగం పుంజుకునే తీరుకు కాంతి ఒత్తిడి చాలదని, సూర్యుడు కణాలను ఎడతెగకుండా వెదజల్లుతున్నాడని 1951లో లుడ్విగ్ బీర్‌మన్ చెప్పాడు. 1958లో యూజీన్ పార్కర్ దానికి సిద్ధాంతం కట్టి సౌర పవనమని పేరు పెట్టాడు. వ్యోమనౌకలు వెళ్ళి కొలిచింది ఆ తరవాతే. అంతవరకు మనకున్న గాలి జెండాలు తోకచుక్కలే.

ఒక చిక్కు మిగిలింది. భూమి దగ్గర ఈ గాలిలో ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లే ఉంటాయి. అది దేన్ని నెడుతుంది? కణం కణాన్ని గుద్ది నెట్టడం కాదు, గాలితో కొట్టుకొచ్చే అయస్కాంత క్షేత్రం పట్టుకుని లాగుతుంది. తోకచుక్క వాయువుకు విద్యుదావేశం లేనంతసేపు ఈ గాలి ఊసే పట్టదు. అతినీలలోహిత కాంతి తగిలి ఒక ఎలక్ట్రాన్ ఊడిందో, ఆ క్షణం నుంచి అది క్షేత్రానికి బందీ. బరువైన అయాన్లను మోయాల్సి వచ్చి గాలి అక్కడ మందగిస్తుంది. ఇరుపక్కలా మాత్రం అదే జోరు. కాలువలో పాతిన గుంజకు అడ్డంగా చీర తగిలితే చూడండి: నడుమ గుంజకు ఆగిపోతుంది, రెండు కొసలూ ప్రవాహంతో దిగువకు సాగుతాయి. క్షేత్రరేఖలూ అంతే. 1957లో హానెస్ ఆల్‌వెన్ చెప్పిన చిత్రం ఇదే. అప్పుడు తోకలో ఒక సగంలో క్షేత్రం సూర్యుడి వైపు, రెండో సగంలో దానికి వ్యతిరేక దిక్కుకు ఉండాలి. 1985 సెప్టెంబరు 11న ఐస్ వ్యోమనౌక జియాకోబిని-జిన్నర్ తోకలోంచి దూసుకుపోయినప్పుడు సరిగ్గా అలాగే కనిపించింది.

1910లో భూమి హేలీ తోకలోంచి పోతుందని, అందులో సయనోజన్ అనే విషవాయువు ఉందని తెలిసి అమెరికాలో తోకచుక్క మాత్రలు అమ్ముకున్నారు. దీన్ని మూఢనమ్మకం అనడానికి నాకు మనసొప్పదు. సయనోజన్ నిజంగానే ఉంది. లేనిది ఆ తోక ఎంత పలచనో అన్న అంచనా.

గాలి ఒక్కోసారి తుపానూ అవుతుంది. 2007 ఏప్రిల్ 20న సూర్యుడు విసిరిన ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) మేఘం ఎంకీ తోకచుక్కను తాకింది. స్టీరియో నౌక తీసిన చిత్రాల్లో నీలి తోక మొదలంటా తెగి కొట్టుకుపోవడం కనిపిస్తుంది. చూస్తుండగానే తల దగ్గర కొత్త తోక మొలుస్తుంది.