టిబురాన్ దీవిలో ఒక్క పొట్టేలుకు లక్ష డాలర్లు: దీని వెనక కథ

ఒక్క పొట్టేలును కాల్చడానికి లక్ష డాలర్ల పైన కట్టేవాళ్లు ఉన్నారంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటంటేనే నేరంగా చూస్తూ పెరిగిన మనకు ముందు ఒళ్లు మండుతుంది. నాకూ మండుతుంది. కానీ మెక్సికోలోని టిబురాన్ దీవి సంగతి మొదట్నుంచీ చూడాలి.

ఆ పొట్టేలు ఎడారి బిగ్‌హార్న్ జాతిది, అంటే పెద్ద వంపు కొమ్ముల అడవి గొర్రె. ఈ గొర్రెలు ఒకప్పుడు అమెరికా నైరుతి నుంచి మెక్సికో దాకా రాతికొండల నిండా ఉండేవి. 19వ శతాబ్దంలో గనులొచ్చాయి, గని కార్మికుల మాంసం కోసం వేట సాగింది, పెంపుడు గొర్రెల మందలు కొండలెక్కాయి. అన్నిట్లోకీ పెద్ద దెబ్బ ఈ మందలదే. వాటి నుంచి సోకే న్యుమోనియాను అడవి గొర్రెలు తట్టుకోలేవు, ఒకసారి అంటుకుందంటే పెద్దవి చచ్చిపోవడంతో ఆగదు, తర్వాత కొన్నేళ్లపాటు పుట్టిన పిల్లలు కూడా పోతూనే ఉంటాయి. అరిజోనాలో 1936లో ఈ గొర్రెల్ని కాపాడాలని బాయ్ స్కౌట్లు ప్రచారానికి దిగితే 1939లో కోఫా, కబెజా ప్రియెటా అభయారణ్యాలు వచ్చాయి. టెక్సాస్‌లో మాత్రం 1960ల కల్లా స్థానిక బిగ్‌హార్న్ ఒక్కటీ మిగల్లేదు.

టిబురాన్ మెక్సికోలోని సొనోరా రాష్ట్ర తీరానికి ఎదురుగా ఉంటుంది, సేరీ అనే ఆదివాసీ ప్రజలు తరతరాలుగా బతికిన దీవి. 1963లో ప్రభుత్వం దాన్ని వన్యప్రాణుల ఆశ్రయంగా ప్రకటించింది, 1975లో సేరీలకు ఉమ్మడి ఆస్తిగా ఇచ్చింది. అదే ఏడాది సొనోరా కొండల నుంచి 16 ఆడ గొర్రెల్ని, 4 పొట్టేళ్లని తెచ్చి అక్కడ వదిలారు. మందల బెడద లేదు, వేటాడే ప్యూమాలు (అమెరికా ఖండాల పెద్ద పిల్లులు) లేవు. ఇరవై ఏళ్లలో వందల్లోకి పెరిగాయి.

1990ల మధ్యలో ఏటా కొన్ని వేట పర్మిట్లు మాత్రమే వేలం వేయడం మొదలైంది. వేటగాడికి కావాల్సింది ముసలి పొట్టేలే. గైడ్ టెలిస్కోప్‌లో కొమ్ము మీద ఏటా పడే గీతలు లెక్కపెడతాడు, కొమ్ము దవడ కిందికి తిరిగి మళ్లీ పైకి లేచిందా, కొసలు రాళ్లకు రుద్దుకుని అరిగాయా అని చూస్తాడు. వేలం డబ్బు సేరీలకూ గొర్రెల సంరక్షణకూ వెళ్లింది, ఇక్కడ పట్టిన గొర్రెలతో ప్రధాన భూభాగంలో ఖాళీ అయిన కొండల్ని మళ్లీ నింపారు.

ఈ గొర్రెలు దీవికి బయటివి, మొక్కల్ని పాడుచేస్తాయి అనే వాదన చాలాకాలం ఉండేది. 2014లో అది తారుమారైంది. దీవిలోని ఒక గుహలో నేల మీద గట్టిపడిపోయిన పాత పెంట దొరికింది, డీఎన్‌ఏ చూస్తే బిగ్‌హార్న్‌దే, వయసు దాదాపు 1,500 ఏళ్లు. అంటే ఎవరూ అనుకోకుండానే వాటిని సొంత ఇంటికి తెచ్చారన్నమాట.

చంపిన జంతువు తలను గోడకు తగిలించుకోవాలనే సరదా నాకు ఎప్పటికీ నచ్చదు. అయినా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఇప్పుడు సొనోరాలోని ప్రైవేటు రాంచ్‌లు (పెద్ద పశువుల క్షేత్రాలు) కూడా బిగ్‌హార్న్‌లను పెంచి వేట అమ్ముకుంటున్నాయి. తమ దీవి గొర్రెలతో ఆ కొండలు నిండడానికి సాయపడిన సేరీలు, అదే కొనుగోలుదారుల కోసం ఆ రాంచ్‌లతో పోటీ పడాల్సి వస్తోంది.